బల్బుకు వినిపించని వైఫై

సంపాదకుల వారికి నమస్కారం.

కొత్తగా కొన్న స్మార్ట్ బల్బునో, ప్లగ్గునో, గుమ్మం దగ్గర పెట్టుకునే కెమెరానో ఇంటి వైఫైకి కలపబోతే యాప్‌లో చక్రం రెండు నిమిషాలు తిరుగుతుంది. ఆ తర్వాత ‘కనెక్ట్ కాలేదు, పాస్‌వర్డ్ సరిచూసుకోండి’ అని వస్తుంది. సరిచూస్తే సరిగ్గానే ఉంటుంది. అక్షరం అక్షరం నిదానంగా మళ్లీ కొడతారు, మళ్లీ అదే మాట. ఇక వస్తువే పాడైందనుకుని డబ్బాలో సర్ది వెనక్కి పంపేస్తారు. అలా వెళ్లిపోయేవాటిలో ఏ లోపమూ లేనివి ఎన్నో. ఇంటి రౌటర్ సాధారణంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్ల (రేడియో తరంగాల శ్రేణుల) మీద వైఫై పంపుతుంది. ఆ వస్తువుకు వాటిలో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే వినిపిస్తుంది. ఫోనేమో ఆ సమయానికి 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటుంది, లేదా రౌటర్ రెండింటినీ ఒకే పేరు కింద కలిపేసి ఉంటుంది. అసలు చెప్పాల్సిన ఈ ముక్కను యాప్ చెప్పదు. ఎవరి ఇంట్లో వాళ్లు దీన్ని ఎలా సరిచేసుకోవచ్చో మీ పాఠకులకు చెప్పాలని, తయారీదారులు ఏం మార్చాలో నలుగురి ముందూ అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు పేరు దగ్గర పడే తికమక తీరాలి. వైఫై జాబితాలో ఇంటి పేరు రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదాని చివర ‘5జీ’ అని ఉంటుంది. సిమ్ కార్డు 5జీకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అక్కడ జీ అంటే జనరేషన్, అంటే మొబైల్ నెట్‌వర్కుల్లో అయిదో తరం. ఇక్కడ జీ అంటే గిగాహెర్ట్జ్, అంటే రేడియో తరంగం సెకనుకు ఎన్ని వందల కోట్లసార్లు కంపిస్తుందో చెప్పే లెక్క. ‘మా ఫోన్ 4జీయే కదా, ఆ పేరు మాకు పనికిరాదు’ అనుకుని ఏళ్ల తరబడి నెమ్మది బ్యాండ్ మీదే ఉండిపోయేవాళ్లున్నారు. 4జీ సిమ్ ఉన్న ఫోన్‌లోనూ 5 గిగాహెర్ట్జ్ వైఫై రేడియో ఉండొచ్చు. మీ పత్రికలో వైఫై గురించి రాసేటప్పుడైనా ‘5జీ వైఫై’ అనకుండా ‘5 గిగాహెర్ట్జ్ వైఫై’ అని అచ్చు వేయాలని మా విన్నపం.

రెంటిలో ఏది మంచిదని అడిగితే జవాబు లేదు. దేనికి ఏది అని అడగాలి. 2.4 తరంగం పొడవు దాదాపు 12 సెంటీమీటర్లు, 5 తరంగం పొడవు అయిదారు సెంటీమీటర్లు. ఒకే శక్తితో పంపి, ఒకే దూరంలో అందుకుంటే, మధ్యలో గోడ అన్నది లేకపోయినా 5లో చేరే సిగ్నల్ 2.4లో చేరేదానిలో అయిదో వంతు దగ్గర ఉంటుంది. గోడలు అడ్డొస్తే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే 2.4 ఇంటి చివరి గదిదాకా పాకుతుంది. కానీ దాని బాట ఇరుకు. మొత్తం కలిపి 83 మెగాహెర్ట్జ్ చోటు, అందులో 13 ఛానళ్లు, అంటే రౌటర్ ఎంచుకునే చిన్న చిన్న బాటలు. ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగినవి మూడే: 1, 6, 11. ఆ చోటులోనే బ్లూటూత్ తిరుగుతుంది, మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ అక్కడే, చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లు మాట్లాడుకునేదీ అక్కడే. 5లో చోటు విశాలం, వేగం ఎక్కువ, చేరే దూరం తక్కువ. కాబట్టి ఒకచోట కదలకుండా కూర్చుని అప్పుడప్పుడు నాలుగు మాటలు పంపే బల్బు, ప్లగ్గు, గేటు సెన్సర్‌కు 2.4 చాలు. రౌటర్ ఉన్న గదిలోనో పక్క గదిలోనో ఉంటూ వీడియోలు లాగే టీవీ, ల్యాప్‌టాప్, ఫోన్‌కు 5 కావాలి.

బల్బు తయారీదారులు 2.4 రేడియో ఒక్కటే పెట్టడాన్ని మేం తప్పుపట్టం. ఈఎస్‌పీ8266, ఈఎస్‌పీ32 లాంటి చవక చిప్పులు ఈ వస్తువుల్లో విరివిగా కనిపిస్తాయి. ఆ రెండింటిలోనూ 2.4 రేడియో మాత్రమే ఉంటుంది. యాంటెనా కూడా సర్క్యూట్ బోర్డు మీద గీసిన వంకర రాగి గీతే. ఆ పనికి అది సరిపోతుంది. మా అభ్యంతరమల్లా ఆ సంగతి డబ్బా ముందువైపు కనిపించేలా రాయకపోవడం మీద.

జత చేసే ఆ రెండు నిమిషాల్లో ఏం జరుగుతుందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. బల్బు చకచకా మినుకుమంటోందంటే సాధారణంగా అది ‘వింటున్నాను’ అని అర్థం. దానికింకా పాస్‌వర్డ్ తెలియదు కాబట్టి వైఫైలో నడిచే మాటలను విప్పి చదవలేదు. అయితే తాళం వేసిన ఉత్తరంలోని విషయం కనిపించకపోయినా కవరు పొడవు కనిపిస్తుంది కదా. యాప్ చేసేది సరిగ్గా ఆ పని: వైఫై పేరును, పాస్‌వర్డును అక్షరం అక్షరంగా ప్యాకెట్ల (వైఫైలో సమాచారం వెళ్లే చిన్న మూటల) పొడవుల్లోకో చిరునామాల్లోకో మార్చి వరసగా పంపుతుంది. బల్బు ఒకటో ఛానల్ మీద కాసేపు, రెండో దాని మీద కాసేపు చెవి ఒగ్గుతూ పోయి, ఆ పొడవుల వరస పట్టుకుని అక్షరాలు కూర్చుకుంటుంది. ఫోన్ 5 మీద ఉంటే ఆ ప్యాకెట్లు 5లోనే రౌటర్‌కు చేరతాయి. కొన్ని రౌటర్లు అందరికీ ఉద్దేశించిన ప్యాకెట్లను 2.4 మీద కూడా మళ్లీ వినిపిస్తాయి, కొన్ని వినిపించవు. ఒకే బల్బు, ఒకే ఫోన్ ఒక ఇంట్లో కలిసి ఇంకో ఇంట్లో కలవకపోవడానికి ఇదొక కారణం. ఫోన్ 2.4 మీద ఉంటే ఈ చిక్కే ఉండదు.

నెమ్మదిగా మినుకుమంటోందంటే చాలా వస్తువుల్లో అది ఇంకో పద్ధతి. వస్తువే ఒక చిన్న హాట్‌స్పాట్ అయిపోతుంది, ఫోన్ దాని వైఫైలోకి వెళ్లి ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ నేరుగా అప్పగిస్తుంది. బ్లూటూత్ ద్వారా అప్పగించే వస్తువులూ ఉన్నాయి. ఈ రెండు పద్ధతుల్లో ఫోన్ ఏ బ్యాండ్ మీద ఉన్నా ఫర్వాలేదు, కానీ అప్పగించే పేరు 2.4ది అయి ఉండాలి. యాప్‌లేమో ఫోన్ అంతకుముందున్న వైఫై పేరును తామే నింపేస్తాయి. అది 5 పేరైతే, బల్బు తన చెవికి ఎన్నడూ చేరని పేరు కోసం వెతికి వెతికి ఆగిపోతుంది. ఆ గడిలో ఉన్న పేరు చెరిపి 2.4 పేరు రాయాలి. హాట్‌స్పాట్ పద్ధతిలో ఇంకొకటి చూసుకోవాలి. బల్బు వైఫైలో ఇంటర్నెట్ లేదని ఫోన్ కనిపెట్టి దాన్ని వదిలేసి మొబైల్ డేటాకు జారుకుంటుంది. ఆ కాసేపూ మొబైల్ డేటా కట్టేయాలి. ‘ఇంటర్నెట్ లేదు, అయినా ఉంటారా’ అని ఫోన్ అడిగితే ఉంటామనే చెప్పాలి. మినుకుల తీరు తయారీదారును బట్టి మారుతుంది కాబట్టి దాని కాగితం ఒకసారి చూడటం మంచిది.

వస్తువు 2.4 మాత్రమేనా అని కనిపెట్టడానికి డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండే 802.11 (వైఫై ప్రమాణం సంఖ్య) పక్కన ఏముందో చూడాలి. ‘బీ/జీ/ఎన్’ అని ఉంటే దాదాపు కచ్చితంగా 2.4 మాత్రమే. ‘ఏ’ లేదా ‘ఏసీ’ కనిపిస్తే 5 కూడా ఉంది. ‘ఎన్’ను బట్టి తేల్చలేం, అది రెండు బ్యాండ్లలోనూ ఉండొచ్చు. ‘ఏఎక్స్’, అంటే వైఫై 6 (వైఫైలో ఆరో తరం) అని రాసి ఉన్నా నమ్మకం పెట్టుకోకూడదు. వైఫై 6 ఉండి 2.4 మాత్రమే పలికే చిప్పులూ ఉన్నాయి. ఇక ఫోన్ ఏ బ్యాండ్ మీద ఉందో ఆండ్రాయిడ్‌లో వైఫై సెట్టింగుల్లో కలిసి ఉన్న పేరు పక్క గుర్తు నొక్కితే ‘ఫ్రీక్వెన్సీ’ అన్న చోట కనిపిస్తుంది. విండోస్ 11లో వైఫై ప్రాపర్టీస్‌లో ‘నెట్‌వర్క్ బ్యాండ్’ అని ఉంటుంది. మ్యాక్‌లో ఆప్షన్ మీట నొక్కిపట్టి పైనున్న వైఫై గుర్తు మీద క్లిక్ చేయాలి. ఐఫోన్ సెట్టింగుల్లో ఇది కనిపించదు, అందుకే ఐఫోన్లున్న ఇంట్లో రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లుంటే పని సులువు.

పేర్లు విడదీయడం రౌటర్ పేజీలో జరుగుతుంది. రౌటర్ అడుగున అంటించిన కాగితం మీద 192.168.1.1 లేదా 192.168.0.1 లాంటి, బ్రౌజర్‌లో కొట్టాల్సిన చిరునామా, లోపలికి వెళ్లే పాస్‌వర్డ్ ఉంటాయి. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, వేరేది. వైర్‌లెస్ భాగంలో ‘స్మార్ట్ కనెక్ట్’ లేదా ‘బ్యాండ్ స్టీరింగ్’ అన్నది ఆన్‌లో ఉంటే, అదే రెండింటినీ ఒక పేరు కింద కలిపింది. దాన్ని ఆపితే 2.4కు, 5కు వేర్వేరు గడులు వస్తాయి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. పాత పేరు 5కు ఉంచి, 2.4కు కొత్త పేరు పెడతారు. దాంతో అప్పటిదాకా పనిచేస్తున్న బల్బులు, ప్రింటర్, కెమెరా అన్నీ ఒక్కసారిగా ఊడిపోతాయి, ప్రతిదాన్నీ మళ్లీ మొదటినుంచి కలపాలి. పాత పేరు, పాత పాస్‌వర్డ్ 2.4కే వదిలేసి, 5కు కొత్త పేరు పెట్టండి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు రెండు మూడే కాబట్టి వాటిలో కొత్త పేరు ఎక్కించడం నిమిషాల పని. రెంటికీ ఒకే పాస్‌వర్డ్ ఉన్నా ఇబ్బంది లేదు.

అదే పేజీలో 2.4 భాగంలో మరికొన్ని సరిచేయాలి. ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. 40 పెడితే వేగం పెరుగుతుందని ఆశ పడతారు గానీ, ఇరుగుపొరుగు రౌటర్లున్న చోట అది సగం బ్యాండ్ ఆక్రమించి అందరినీ ఇబ్బంది పెడుతుంది, మీ బల్బుకు ఒరిగేదీ ఉండదు. ఛానల్ 1, 6, 11లో తక్కువ రద్దీ ఉన్నది పెట్టండి. 12, 13 వద్దు. ఆ ఛానళ్లకు అనుమతి లేని దేశాల కోసం తయారైన వస్తువులు వాటి వైపు చూడనే చూడవు. భద్రత దగ్గర ‘డబ్ల్యూపీఏ3 మాత్రమే’ (వైఫైకి తాళం వేసే కొత్త పద్ధతి) అని ఉంటే పాత వస్తువులు కలవవు, అక్కడ కూడా యాప్ నింద వేసేది పాస్‌వర్డ్ మీదే. ‘డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3’ మిశ్రమం చాలావాటికి సరిపోతుంది. దానితోనూ మొండికేస్తే 2.4 వరకు డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ పెట్టి చూడండి. 2.4లో వైఫై 6 మోడ్ ఆన్‌లో ఉంటే బెదిరిపోయే పాత చిప్పులు కొన్ని ఉన్నాయి, ‘బీ/జీ/ఎన్’కు దించితే కుదురుకుంటాయి. వైఫై పేరు దాచిపెట్టి ఉంటే, జత చేసేదాకానైనా బయటపెట్టాలి.

పేరు గురించి తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. వైఫై పేరుకు 32 బైట్ల వరకే చోటు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అచ్చుకు మూడు, హల్లుకు మూడు, గుణింతం గుర్తుకు మళ్లీ మూడు పడతాయి. ‘మా ఇల్లు’ అని పెట్టుకుంటే 22 బైట్లు అయిపోతాయి. ఫోన్లు దాన్ని ముచ్చటగా చూపిస్తాయి గానీ, చిన్న వస్తువుల యాప్‌లు కొన్ని ఇంగ్లిష్ కాని అక్షరాల దగ్గర తడబడతాయి. 5 పేరు తెలుగులో పెట్టుకోండి. 2.4కు మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు చాలు. ఖాళీలు, కొటేషన్ గుర్తులు, బొమ్మలు వద్దు. పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల మధ్య ఉండాలి.

ఇప్పుడు ఫోన్‌లో 2.4 పేరు ఎంచుకుని, 5 పేరుకు ‘ఆటో కనెక్ట్’ ఆపాలి. లేకపోతే మీరు యాప్ తెరిచేలోపే ఫోన్ 5కు దూకేస్తుంది. వీపీఎన్ (ఫోన్ ఇంటర్నెట్‌ను వేరే సర్వర్ గుండా పంపే సదుపాయం) ఉంటే ఆపండి. ఆండ్రాయిడ్‌లో వైఫై పేర్లు వెతకడానికి యాప్ లొకేషన్ అనుమతి అడుగుతుంది, ఐఫోన్‌లో లోకల్ నెట్‌వర్క్ అనుమతి అడుగుతుంది. జత చేసేదాకా ఇవ్వాలి. బల్బును వరసగా మూడుసార్లో అయిదుసార్లో ఆర్పి వెలిగిస్తే, ప్లగ్గు మీటను అయిదారు సెకన్లు నొక్కిపడితే మినుకుమనే స్థితికి వస్తాయి. మొదటిసారి రౌటర్‌కు రెండు మూడు మీటర్ల దూరంలోనే జత చేసి, ఆ తర్వాత ఉండాల్సిన చోటికి మార్చండి. అక్కడ ఊడిపోతే అప్పుడది సిగ్నల్ సమస్య అని తేలిపోతుంది, రెండు చిక్కులు కలగాపులగం కావు.

పేర్లు విడదీసే వీలులేని రౌటర్లు, ముఖ్యంగా మెష్ సెట్లు (ఇంట్లో రెండు మూడు చోట్ల పెట్టి ఒకటిగా పనిచేసే రౌటర్లు) ఉన్నాయి. వాటిలో 5 రేడియోను పది నిమిషాలు ఆపే వీలుంటే అదే అన్నింటికన్నా తేలిక దారి. ఆపి, బల్బు కలిపి, మళ్లీ వేసేయాలి. ఒకసారి కలిసిన బల్బు 2.4 మీదే ఉంటుంది కాబట్టి 5 తిరిగి వచ్చినా దానికేమీ కాదు. అదీ లేకపోతే గెస్ట్ నెట్‌వర్క్‌ను (అతిథుల కోసం రౌటర్ ఇచ్చే వేరే వైఫైని) 2.4కే పరిమితం చేసి వస్తువులను దానిలో పెట్టొచ్చు. గెస్ట్‌లో ఉన్నవాటిని రౌటర్ మిగతా ఇంటి నుంచి వేరుగా ఉంచుతుంది. ఇంటర్నెట్ ద్వారా నడిచే బల్బు పనిచేస్తుంది గానీ, ప్రింటర్‌కు, టీవీకి ఫోన్ నుంచి నేరుగా పంపేవి ఆగిపోతాయి.

బల్బు 2.4లో ఉంది కాబట్టి దాన్ని వెలిగించాలన్నప్పుడల్లా ఫోన్‌ను 2.4కు మార్చాలేమోనని భయపడి కొందరు ఫోన్‌ను అక్కడే ఉంచేస్తారు. అక్కర్లేదు. గెస్ట్‌ను పక్కన పెడితే రెండు బ్యాండ్లూ ఒకే ఇంటి నెట్‌వర్క్‌కు రెండు గుమ్మాలు. ఫోన్ 5 గుమ్మంలో నిలబడి 2.4లో ఉన్న ప్రింటర్‌కు హాయిగా కాగితం పంపొచ్చు. పని కాగానే ఫోన్‌ను 5కు మార్చేసి, ఆటో కనెక్ట్ తిరిగి వేసుకోండి.

దీనికి తిరగేసిన చిక్కు కూడా ఉంది. రౌటర్‌కు ఎదురుగానే ఉన్న టీవీ, ఎప్పుడో గుర్తుపెట్టుకున్న 2.4 పేరునే పట్టుకుని వేలాడుతుంది, సినిమా మధ్యలో ఆగి ఆగి నడుస్తుంది. ఒక యాంటెనా, 20 మెగాహెర్ట్జ్ వెడల్పు, వైఫై 4 అయితే 2.4లో లింక్ వేగం (రౌటర్‌కూ వస్తువుకూ మధ్య వేగం) సెకనుకు 72 మెగాబిట్లు దాటదు, చేతికందేది అందులో సగం దగ్గర. వైఫై 5లో రెండు యాంటెనాలు, 80 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉంటే లింక్ వేగం 866 మెగాబిట్లు. టీవీలో పాత పేరు ‘ఫర్గెట్’ చేసి 5 పేరు ఎంచుకోండి. ఆ పేరు టీవీ జాబితాలో అసలు కనిపించకపోతే, ఫోన్‌లో కనిపిస్తుంటే, రౌటర్ ఏ ఛానల్ మీద ఉందో చూడాలి. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానళ్లు రాడార్లతో పంచుకునేవి. వాటిని వాడేముందు రౌటర్ కనీసం ఒక నిమిషం మౌనంగా విని, రాడార్ జాడ తగిలితే తప్పుకోవాలి. కొన్ని టీవీలు, టీవీకి గుచ్చే స్టిక్కులు ఈ ఛానళ్లను వెతకవు. రౌటర్‌లో 5 ఛానల్‌ను ‘ఆటో’ నుంచి 36కు మార్చగానే పేరు ప్రత్యక్షమవుతుంది. అప్పుడూ రాకపోతే ఆ టీవీలో 5 రేడియోయే లేదని అర్థం, రౌటర్ నుంచి కేబుల్ లాగడం మేలు.

ఏ గదిలో ఏ బ్యాండ్ అన్నది కొలిచి తేల్చుకోవచ్చు. ఉచితంగా దొరికే వైఫై ఎనలైజర్ యాప్‌లు సిగ్నల్‌ను మైనస్ అంకెల్లో చూపిస్తాయి, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 50 చాలా బాగుంది, మైనస్ 67 దాకా వీడియోకు నిక్షేపంగా సరిపోతుంది. ఆ గదిలో 5 మైనస్ 75కు పడిపోయి 2.4 మైనస్ 60 దగ్గర ఉంటే, అక్కడ 2.4 వాడటమే తెలివి. నిలువుటద్దం, ఫ్రిజ్, నీళ్ల తొట్టి, చేపల అక్వేరియం వెనక రౌటర్ పెట్టకూడదు. లోహం వెనక్కి కొడుతుంది, నీరు పీల్చేస్తుంది. యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ రౌటర్ పక్కనే ఉన్నా దాని కేబుల్ నుంచి వచ్చే రొద 2.4 మీద పడుతుంది, ఒక మీటరు దూరం జరపండి.

ఇక తయారీదారులను అడిగేది. ఆండ్రాయిడ్‌లో ఫోన్ ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉందో యాప్ అడిగి తెలుసుకునే వీలు ఏళ్లుగా ఉంది. అంటే ‘మీ ఫోన్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉంది, ఈ బల్బుకు 2.4 కావాలి’ అని ఆ యాప్ మొదటి తెర మీదే చెప్పగలదు. అది చెప్పకుండా పాస్‌వర్డ్ తప్పేమో అనడం, సరిగ్గా చేసిన మనిషిని నువ్వే తప్పు చేశావనడమే. పెద్దవాళ్లు ఆ మాట నమ్మి, ‘ఇవన్నీ మనకు చేతకావు’ అని వదిలేయడం చూస్తే బాధేస్తుంది. పేరు 2.4లో దొరకలేదా, దొరికీ పాస్‌వర్డ్ కుదరలేదా అన్నది ఆ చిప్పుకు విడివిడిగా తెలుసు. ఆ రెంటికీ రెండు వేర్వేరు సందేశాలు రాయాలి, తెలుగులో కూడా రాయాలి. డబ్బా ముందువైపు ‘2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే’ అని పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలి. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే సంస్థల సిబ్బంది రౌటర్ బిగించి వెళ్లేముందు 2.4 పేరు, 5 పేరు, వైఫై పాస్‌వర్డ్, రౌటర్ లోపలికి వెళ్లే పాస్‌వర్డ్, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి ఇంటివాళ్ల చేతికివ్వాలి.

ఇట్లు,
ఇళ్లల్లో వైఫై అమర్చే సాంకేతిక సిబ్బంది కొందరు